జనం ఎప్పుడు అందుకుంటరు?

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల గాయక బృందాలకు బుగ్గారంలో జరిగిన శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగం)

కరపత్రంలో నా పేరు కింద మూడు అంశాలు అచ్చేశారు: వాయిద్యకారుల శిక్షణ, పాటల ఎంపిక, కీర్తన పాడే పద్ధతి. మూడూ చెప్తాను.

ముందు ఆ మైకు ఎకో తగ్గించు బాబూ. నా మాట నాకే రెండుసార్లు వినబడుతోంది. ఇంకా తగ్గించు. ఆఁ, చాలు. ఎకో గురించి అనుకోకుండా వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఎకో పెడితే పాడేవాడి గొంతు వాడికే ముద్దొస్తుంది. వెనక వరుసలో కూర్చున్న మనిషికి మాత్రం మాట ముద్దముద్దగా చేరుతుంది. మాట అందనివాడు పాట ఎట్లా అందుకుంటాడు? చేతులు కట్టుకుని చూస్తాడు. గుడిలో చూసేవాళ్లు తయారయ్యారంటే తప్పు వాళ్లది కాదు, మనది.

ఇక మొదటి అంశం. శిక్షణ అనగానే మనవాళ్లు వేళ్ల శిక్షణే అనుకుంటారు. వేళ్లకు యూట్యూబ్ ఉంది, పట్టణంలో కీబోర్డు నేర్పే మాస్టర్లు ఉన్నారు. నేను అడిగేది వేరు. నీకు పూజ తెలుసా? తర్వాత ఏమొస్తుందో, ఎందుకొస్తుందో తెలుసా? 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ దైవార్చన మీద వెలువరించిన పత్రంలో సంగీతానికి ఒక అధ్యాయమే ఉంది. గాయకులకు, ముఖ్యంగా పాడే పిల్లలకు, నిజమైన దైవార్చన శిక్షణ ఇవ్వాలని అందులో 115వ పేరా చెప్తుంది. సంగీతం ఒక్కటి వస్తే సరిపోదన్నమాట. అరవై ఏళ్లు దాటింది. మనం ఇంకా 'తమ్మీ, ఈ పాటకు కార్డ్స్ ఏంది' దగ్గరే ఉన్నాం.

దాని తర్వాత 1967 మార్చి 5న రోము నుంచి మ్యూజికాం సాక్రం అనే సూచనల పత్రం వచ్చింది. నన్నడిగితే గాయక బృందం కూర్చునే ప్రతిచోటా దాన్ని గోడకు అంటించాలి. పూజలో ఏది ముందు పాడాలో అందులో మెట్లు కట్టి చెప్పారు. మొదటి మెట్టు గురువుకూ జనానికీ మధ్య నడిచే పలుకులు, జవాబులు, పరిశుద్ధ గీతం, పరలోక ప్రార్థన. రెండో మెట్టు ప్రభూ కరుణించు, మహిమ గీతం, గొర్రెపిల్ల, విశ్వాస సంగ్రహం వంటివి. ప్రవేశ గీతం, కానుకల పాట, సత్ప్రసాదం పాట వచ్చేది మూడో మెట్టులో! పైగా మొదటి మెట్టు పాడకుండా రెండోదీ మూడోదీ పాడొద్దని కూడా రాశారు.

మన దగ్గర ఏం జరుగుతోంది? ప్రవేశ గీతానికి ఐదు చరణాలు, మధ్యమధ్య బీజియం. ఫాదర్ గారు పీఠం చేరి, ధూపం వేసి, చేతులు జోడించి, చివరి చరణం కోసం నిలబడే ఉంటారు. పాపం, పండుగ పూట ఏమనలేరు. అదే దివ్యబలి నడుమ గురువు అప్పాన్నీ పాత్రనూ పైకెత్తి త్రిత్వానికి మహిమ చెప్పినప్పుడు, ఆ ప్రార్థన మొత్తానికి జనం వేసే సంతకం లాంటి ఆమెన్ రావాల్సిన చోట, కీబోర్డు పిల్లవాడు ఏం చేస్తున్నాడు? ఫైల్లో తర్వాతి పాట నంబరు వెతుకుతున్నాడు. గిటారు పిల్లవాడు తీగ సరిచేస్తున్నాడు. జనం ఆమెన్ అని గొణుగుతారు. పూజ మొత్తంలో అందరి గొంతూ లేవాల్సిన చోట గుడి సద్దుమణిగిపోతుంది.

దీని మీద ఒక సంగతి చెప్పాలి. నా మాటలు ఇంతకు ముందు విన్నవాళ్లు నవ్వుతున్నారు, ఏ సంగతో వాళ్లకు తెలుసు. నవ్వండి, చెప్పకుండా మాత్రం దిగను.

నేను బడికి పోయే రోజుల్లో ఒక క్రిస్మస్‌కు మా గుళ్లో పెట్టె వాయించే ఆయన జ్వరంతో మంచం పట్టాడు. పెట్టె అంటే హార్మోనియం, ఈ కాలం పిల్లల కోసం చెప్తున్నా. మా ఉపదేశి తాత పక్క ఊరి భజన మండలి నుంచి ఒక పెద్దాయనను పిలుచుకొచ్చాడు. ఆయన క్రైస్తవుడు కాదు. సీజనులో చిరుతల రామాయణానికి వాయించేవాడు, ధర్మపురి జాతరకు పోయేవాడు. పెట్టెను సైకిలు క్యారేజీకి ట్యూబుతో కట్టుకుని వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, బెల్లోస్ రెండుసార్లు ఊపి చూసి, మా పాటల పుస్తకం పక్కన పెట్టేశాడు.

"మీ పాటలు నాకు రావు సారూ. జనం ఎప్పుడు అందుకుంటరు, అది చెప్పున్రి సాలు" అన్నాడు.

దైవార్చన మీద నేను తర్వాత ఎన్నో తరగతులు విన్నాను. ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. భజనలో పెరిగినవాడు కాబట్టి ఆయనకు అది సహజం. ఒకరు ఎత్తుకోవాలి, పదిమంది అందుకోవాలి. ఆ పదిమంది లేకపోతే అది భజన కాదు. మొదటి పఠనం తర్వాత వచ్చే భక్తి కీర్తన కట్టడం కూడా అచ్చం అదే: ఒకరు చరణం పాడితే జనం పల్లవి పాడతారు. మన పల్లెల్లో పుట్టిన ప్రతివాడికీ ఉగ్గుపాలతో వచ్చిన పద్ధతి అది.

తర్వాత ఆయన చేసిన పని చూడండి. ముందు వరుసలో బీడీలు చుట్టే అవ్వలు కూర్చున్నారు. మమ్మల్ని కాదు, వాళ్లను పాడమన్నాడు. పెట్టె మూసే ఉంది. ఒక అవ్వ తనకు వచ్చినట్టు ఎత్తుకుంది. ఆమె గొంతు కింద ఒక మెట్టు నొక్కాడు, అది కాదు, పక్క మెట్టు, అదీ కాదు, మూడోది కలిసింది. "ఇదీ మీ శ్రుతి" అన్నాడు. మా బృందం నాయకుడికి అది నచ్చలేదు, బాగా కిందికుందని. కొంచెం పెంచి పాడాం. రెండో చరణంలో ఆయన చెయ్యెత్తి ఆపాడు. "అవ్వ మెడ నరాలు లేస్తున్నయి. దించున్రి." అంతే, దించాం. ఆయన పూజంతా పెట్టె వైపు చూడలేదు, ఆ వరుస వైపే చూశాడు. జనం అందుకున్న చోట బెల్లోస్ తగ్గించి షడ్జం ఒక్కటి పట్టుకుని ఉండేవాడు. జనం ఊపిరి తీసుకునే సందులో మాత్రం నింపేవాడు.

ఇప్పటి పిల్లలు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతారు. పాడే అమ్మాయి గొంతు బాగా పలికే చోటికి శ్రుతి పోతుంది. ఆ అమ్మాయికి ఐదున్నర శ్రుతి హాయిగా ఉంటుంది, నిజమే. పొద్దంతా నారు వేసి వచ్చిన మనిషికి ఉంటుందా? మన ఇళ్లలోని కీబోర్డులు చాలా మటుకు దుబాయ్ నుంచో, మస్కట్ నుంచో అన్నలు, బావలు ప్రేమగా తెచ్చినవి. వాటిని ఏమీ అనను. వాటిలోని స్టైల్ బటన్‌ను అంటాను. ఒక్క వేలితో నొక్కితే డ్రమ్ము, బేసు, క్లాపు అన్నీ వస్తాయి. ఆగమంటే ఆగవు. జనం ఒక మాట దగ్గర కాస్త నిలిచారా, అది నిలవదు. జనమే దాని వెంట ఉరకాలి. ఇప్పుడైతే అదీ లేదు, పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ పెట్టి పాడుతున్నారు! ట్రాక్‌కు ముందు వరుస కనబడుతుందా?

సిరిసిల్ల వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సాంచాల షెడ్డులో, అంటే మరమగ్గాల షెడ్డులో, అంత చప్పుడులోనూ ఎక్కడో ఒక పోగు తెగితే పనివాడికి చెవితోనే తెలుస్తుంది, చెయ్యి వెంటనే అటు పోతుంది. గుళ్లో వాయించేవాడికి కావాల్సిన చెవి అది.

పెట్టె గురించి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఇది మనది కాదని కొందరంటారు. కీబోర్డు కొత్తది, పెట్టె పాతది, అంతేగా తేడా అని ఈ మధ్య ఒక కుర్రాడు నన్నే అడిగాడు. పెట్టెను 1840 ప్రాంతంలో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ తయారు చేశాడు. అక్కడ పెద్ద ఆర్గన్ కొనలేని చిన్న గుళ్లకు అది దిక్కయింది. కాళ్లతో తొక్కే ఆ పెట్టెను, నేల మీద కూర్చుని ఒక చేత్తో ఊపుతూ ఒక చేత్తో వాయించుకునేలా 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మార్చాడు. అక్కణ్ణుంచి నాటకాలకు, భజన మందిరాలకు, మన చిరుతల ఆటకు చేరింది. 1940లో ఆకాశవాణి దీన్ని గాలిలోకి రానివ్వబోమంది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. కారణం లేకపోలేదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న స్వరాలు, గమకాలు దాంట్లో పలకవు. రేడియో వద్దన్న ముప్పై ఏళ్లూ దాన్ని పల్లె భజనలే మోశాయి. గుడి నుంచి బయల్దేరిన పెట్టె ఊళ్లన్నీ తిరిగి, జనంతో ఎట్లా పాడించాలో నేర్చుకుని మళ్లీ గుడికి వచ్చింది. అందుకే నాకు దాని మీద అంత మోజు.

పెట్టె ఒక్కటే కాదు, మన పద్ధతులు గుడిలోకి వచ్చిన కథ కూడా చెప్పాలి. మన వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. తొలి పీఠాధిపతి అల్ఫోన్సో బెరెట్టా గారు ఇటలీ నుంచి వచ్చిన పీమే సభ గురువు. ఆ కాలంలో పూజ లాటిన్‌లో ఉండేది. వాటికన్ సభ తర్వాత తెలుగు వచ్చింది. 1969లో భారత దేశ గుళ్లకు పన్నెండు మార్పులకు రోము అనుమతి ఇచ్చింది. నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి పట్టడం వాటిలోవే. ప్రజలకు వాళ్ల సొంత సంగీత సంప్రదాయం ఉన్న చోట దానికి తగిన గౌరవం ఇవ్వాలని మహాసభ పత్రంలోనే 119వ పేరాలో ఉంది. ప్రొటెస్టెంటు సోదరులకైతే ఈ సంగతి మనకంటే ముందే తెలుసు. పురుషోత్తమ చౌదరి గారు 1890లోనే కన్నుమూశారు, అప్పటికే రాగతాళాలతో ఎన్ని కీర్తనలు కట్టి ఇచ్చారో! మనకు రోము తలుపులు తెరిచి ఇచ్చింది. తెరిచిన తలుపులోంచి మనం సినిమా బాణీలు తెచ్చుకున్నాం.

ఇంకోటి, వాయించడం ఎంత నేర్పుతామో ఆపడం అంత నేర్పాలి. తపస్సు కాలంలో వాయిద్యం పాటకు ఆసరాగా మాత్రమే ఉండాలి. నాలుగో ఆదివారం, పెద్ద పండుగలు దీనికి మినహాయింపు. పవిత్ర గురువారం మహిమ గీతం అయ్యాక, ఈస్టరు జాగరణ మహిమ గీతం దాకా కూడా అంతే. శుభ శుక్రవారం నాడు సిలువ ముద్దు పెట్టుకునేందుకు జనం వరుస కట్టినప్పుడు, ఖాళీ ఎందుకని ఫ్లూట్ టోన్‌లో సోలో వాయించే పిల్లలను చూశాను. ఆ ఖాళీ ఖాళీ కాదు నాయనా, మనసు పాడుకునే చోటు. పునీత సిసిలమ్మ సంగీతకారుల పాలకురాలు, నవంబరు 22న పండుగ. బొమ్మల్లో ఆమె చేతిలో ఆర్గన్ పెడతారు గానీ, ఆమె కథలో ఉన్నది వేరు. పెళ్లిలో వాయిద్యాలు మోగుతుంటే ఆమె మనసులో దేవునికి పాడుకుందట. పదవ పయస్ పోపు గారు 1903లో గుడి సంగీతాన్ని సరిదిద్దుతూ రాసిన పత్రం మీద సంతకం పెట్టింది కూడా ఆ పండుగ నాడే. ఆయన కాలానికి గుళ్లలో ఒపెరా బాణీలు నిండిపోయాయి. రోగం పాతదే.

గంట కొట్టారు. వంటవాళ్ల వైపు నుంచి ఫాదర్ గారు సైగ చేస్తున్నారు. మిగిలిన రెండు అంశాలు నిలబడే చెప్పేస్తాను. పాటల ఎంపిక: ఆదివారం పఠనాలు గురువారమే చదవండి, పాట తర్వాత వెతకండి. పాట బాగుంది కదా అని పూజలోకి ఇరికించకండి. కీర్తన: పఠనాల పుస్తకంలో ఆ రోజుకు ఇచ్చిన కీర్తనే పాడాలి, దాని బదులు ఇంకో పాట వద్దు. ఒకరే పాడాలి, జనం పల్లవి పాడాలి, పెట్టె కింద ఉండాలి. దీని మీద రెండు గంటలు చెప్పాలనుకున్నాను, నా నోరే నాకు శత్రువు.

భోజనాలయ్యాక వాయించే పిల్లలు మాత్రం ఇక్కడికే రండి. కీబోర్డుల ప్లగ్గులు తీసేయండి, పాటల ఫైళ్లు కూడా వద్దు. పూజ క్రమం పుస్తకం ఒకటి తెచ్చుకోండి. మొదటి నుంచి చివరి దాకా జనం నోరు విప్పే చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకుని రండి. నేను ఒక్కొక్కరినీ అడుగుతాను, సిరిసిల్ల బృందంతో మొదలుపెడతాను.