వికలాంగుల పింఛను: అర్జీ వ్రాయునాడే న్యాయసహాయము

(కొత్తపట్నమున పంచాయతీ సభ్యులకు ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠము)



కొత్తపట్నమునకును ఒంగోలునకును నడుమ దూరము స్వల్పమే. బస్సెక్కినవాడు గంటలోపుననే జిల్లా కేంద్రమున దిగవచ్చును. కాని కాలు లేని అర్జీదారునకు ఆ దూరము చాల పెద్దది. బస్సు మెట్టెక్కుటయే ఆతనికొక కార్యము. తోడు వచ్చు మనిషి కావలెను, ఆ మనిషికి నాటి కూలి పోవును. అందుచేత మన పల్లెపాలెములలోను, మెట్టపొలాల ఊళ్లలోను అనేకులు ఒక్కసారి వెళ్లి, "నీకు రాదన్నారు" అను మాట విని, మరల గడప దాటరు. ఎవరు రాదన్నారు? ఏ నియమము ననుసరించి? కాగితముపై వ్రాసియిచ్చిరా? ఈ మూడు ప్రశ్నలు అడుగువారు లేకపోవుటచేతనే అర్హులైనవారి పింఛనులు చెడుచున్నవని నా అనుభవము. అవి న్యాయస్థానమునకు వచ్చునప్పటికి కాలము మించిపోయి యుండును.

ఉచిత న్యాయసహాయమనగానే, హత్యానేరమున చిక్కిన పేదవానికి సర్కారువారు వకీలును పెట్టుట అని చాలమంది తలంతురు. అదియు కలదు. కాని చట్టము అంతటితో ఆగలేదు. పేదరికముచేతగాని మరి యే లోపముచేతగాని ఎవరికిని న్యాయము దూరము కారాదని 1976లో మన రాజ్యాంగమున 39-ఎ అను అధికరణమును చేర్చిరి. దాని ననుసరించి 1987లో న్యాయసేవల అధికార సంస్థల చట్టము వచ్చినది. అది 1995 నవంబరు 9వ తేదీన అమలునకు వచ్చెను. న్యాయసేవ యనగా నేమో ఆ చట్టమే నిర్వచించినది. న్యాయస్థానము ఎదుట నడచు కేసులోనే కాదు, ఇతర అధికారి యెదుట నడచు వ్యవహారమున తోడ్పడుటయు, ఏ న్యాయవిషయమున నైనను సలహా చెప్పుటయు న్యాయసేవయే. అనగా పింఛను అర్జీ యెట్లు వ్రాయవలెను, ఏ కాగితములు జతపరచవలెను, కాదన్నచో ఎవరికి అప్పీలు చేయవలెను అని అడుగుటకు కూడ వికలాంగుడు ఆ సంస్థ గుమ్మము తొక్కవచ్చును. కేసు పడువరకు వేచియుండ నక్కరలేదు.

ఇంకొక మాట. ఆ చట్టము 12వ విభాగమున ఉచితసేవకు అర్హులెవరో చెప్పబడినది. అందు స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారితోపాటు వికలాంగులును కలరు. వీరికి ఆదాయపరిమితి లేదు. ఆదాయము చూచుట తక్కినవారి విషయముననే. ఈ సంగతి తెలియక, "నాకు రెండెకరములున్నవి, నాకు సర్కారు వకీలు నిచ్చెదరా" అని వెనుదీయువారు కలరు.

ఇక పింఛను సంగతికి వత్తము. మన రాష్ట్రమున ఎన్టీఆర్ భరోసా క్రింద వికలాంగుల పింఛను 2024 జూలై 1వ తేదీ పంపిణీనుండి నెలకు 3,000 రూపాయలనుండి 6,000 రూపాయలకు పెంచబడినది. పక్షవాతముచేత మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు నిర్ణయింపబడినది. సామాన్యముగా 40 శాతము వైకల్యము కలదని సదరం ధ్రువపత్రము కావలెను.

అయితే ఇది వైద్యపరీక్షతోనే తేలునది కాదు. అవసరమును బట్టి యిచ్చు సాయము గనుక కుటుంబపు స్థితిగతులు చూచెదరు. 2019 డిసెంబరులో నిర్ణయించిన అర్హతలలో, పల్లెలందు కుటుంబపు నెలసరి ఆదాయము 10,000 రూపాయలకు మించరాదనియు, మాగాణి 3 ఎకరములు, మెట్ట 10 ఎకరములు, రెండును కలిసినచో 10 ఎకరములు దాటరాదనియు, విద్యుత్తు వాడకము నెలకు 300 యూనిట్లు మించరాదనియు, నాలుగు చక్రముల స్వంత బండి యుండరాదనియు, ఇంట ప్రభుత్వోద్యోగి గాని ఆదాయపుపన్ను కట్టువాడు గాని యుండరాదనియు చెప్పబడెను. టాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మినహాయింపు కలదు.

చిక్కులన్నియు ఇచ్చటనే పుట్టును. తండ్రి గతించిన పిమ్మట పన్నెండెకరముల మెట్ట పెద్దకొడుకు పేరనే పాసుపుస్తకమున ఎక్కుట, ముగ్గురు అన్నదమ్ములు నోటిమాటపై పంచుకొని ఎవరి చెక్కలో వారు మిరపయో పత్తియో వేసికొనుట మన ప్రాంతమున సర్వసాధారణము. పెద్దకొడుకు కుమార్తె చూపు లేనిదనుకొందము. ఆతని కనుభవములో నున్నది నాలుగెకరములే. కంప్యూటరు మాత్రము పన్నెండు చూచును, కాదనును. ఆ బాలిక కన్నులను మరల పరీక్షించి ప్రయోజనమేమి? సచివాలయ ఉద్యోగిని నిందించియు ఫలము లేదు, ఆయన ఎదుట నున్న లెక్క అది. ఇక్కడ కావలసినది భాగపరిష్కార దస్తావేజు, దానిననుసరించి రెవెన్యూ రికార్డులో పేర్ల మార్పు. ఇది అచ్చముగా వకీలు చేయవలసిన పని. న్యాయసేవా సంస్థ నియమించిన వకీలు దస్తావేజు ముసాయిదా వ్రాసి, తహసీలుదారునకు పెట్టవలసిన అర్జీయు వ్రాసిపెట్టగలడు.

అట్లే హైదరాబాదులో నౌకరీ చేయుచు వేరుకాపురమున్న తమ్ముని పేరు అన్న బియ్యపు కార్డులో మిగిలిపోవుట. రెండిండ్లకు ఒక్క మీటరుండుటచేత యూనిట్లు పెరుగుట. ఇట్టివానిని అప్పీలులో చూపవచ్చును, కాని ఋజువులతో చూపవలెను. విద్యుత్తువారి బిల్లులు, వేరుకాపురమునకు సాక్ష్యము, పంచాయతీ ఇంటిపన్ను రసీదులు. ఈ చివరివి మీ పంచాయతీ లెక్కలలోనే యున్నవి గదా!

వైద్యపరీక్షలో తక్కువ శాతము వచ్చినవారి మార్గము వేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19న అమలునకు వచ్చినది. పూర్వపు చట్టమున 7 వైకల్యములే యుండగా ఇందు 21 కలవు. ధ్రువపత్రము నిరాకరించినచో కారణములను వ్రాతమూలముగా తెలుపవలెనని దాని నియమములు శాసించుచున్నవి. వైద్యుని నిర్ణయమున అసంతృప్తి కలవారికి 59వ విభాగము అప్పీలు హక్కు నిచ్చినది. "మీ శాతము చాలలేదు, పొమ్మనిరి" అను నోటిమాటపై అప్పీలు నిలువదు. కాగితము అడిగి తీసికొనవలెను. అడుగుటకు అర్జీదారుడు జంకును, సభ్యుడు ప్రక్కన నిలిచినచో జంకడు.

2025లో ప్రభుత్వము వికలాంగ పింఛనుదారులను మరల వైద్యులచే పరీక్షింపజేసి, శాతము తగ్గినవారికి నోటీసులిచ్చినది. అప్పీలుకును అవకాశము కల్పించినది. నోటీసు అందినవారిలో కొందరు అది చదువుకొననేలేరు. కొందరు చదివించుకొనియు, ఇక ముగిసినదని పెట్టెలో దాచిరి. దొంగ ధ్రువపత్రములను ఏరివేయుట న్యాయమే. మోసముచేత వికలాంగుల సదుపాయములు పొందినవానికి 91వ విభాగము క్రింద రెండేండ్ల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. మీ ఊరిలో అట్టివాడున్నచో ఆతని కొరకు సిఫారసు చేయకుడు. కాని నోటీసు యనగా తీర్పు కాదు. అది జవాబు కోరు కాగితము. అందిన తేదీని దాని వెనుక వ్రాయించి, అందులో చెప్పిన గడువులోపల, చెప్పిన అధికారికి జవాబు చేరవలెను. చేరినట్లు ముద్రపడిన నకలు ఇంట నుండవలెను.

సహాయమునకు ఎచ్చటికి పోవలెను? ఒంగోలున జిల్లా న్యాయస్థానపు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. దాని క్రింద మండల న్యాయసేవా సంఘములు పనిచేయును. అర్జీ తెల్లకాగితముపై తెలుగులో వ్రాసినను చాలును. వ్రాయలేనివాడు నోటితో చెప్పినచో వారే వ్రాసికొందురు. మనిషి స్వయముగా పోవలసిన పని కూడ లేదు. 15100 అను నంబరునకు ఫోను చేయవచ్చును. గ్రామములకు వచ్చి ఇట్టి పనులలో తోడ్పడుటకు పారాలీగల్ వాలంటీర్లను సంస్థయే నియమించును. మీ గ్రామమునకు ఎవరు కలరో కనుగొని, ఆ పేరు పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుడు. వకీలు ఫీజు, కోర్టు రుసుము, నకళ్ల ఖర్చు సంస్థయే భరించును. వకీలు ఫీజు అడిగినచో ఆ సంస్థకే ఫిర్యాదు చేయవచ్చును. పింఛను ఇప్పించెదనని చేతిలో డబ్బు పెట్టించుకొను దళారికి ఈ వ్యవహారమున చోటు లేదు.

అర్జీ ఎక్కడ ఆగినదో తెలియనప్పుడు సమాచారహక్కు చట్టమును వాడుడు. 2005 నాటి ఆ చట్టము క్రింద 30 దినములలో జవాబీయవలెను. మన రాష్ట్రమున గ్రామస్థాయి కార్యాలయములో అర్జీకి రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. నిరాకరణకు కారణమేమో, ఏ రికార్డు చూచిరో ఆ రికార్డు నకలు ఇమ్మని అడిగినచో, ఆ జవాబే తరువాతి అప్పీలునకు పునాది యగును. అప్పీలులోను న్యాయము దొరకనిచో రాజ్యాంగము 226వ అధికరణము క్రింద అమరావతిలోని హైకోర్టుకు పోవచ్చును. అచ్చటను ఉచిత సహాయమునకు ప్రత్యేక సంఘము కలదు. అంతదూరము పోవలసినవి కొద్దియే. తక్కినవానికి మంచి అర్జీ చాలును.

లోక్ అదాలత్ గురించి కొందరడిగిరి. అచ్చట రాజీ కుదిరినచో దానిపై అప్పీలు లేదు. అన్నదమ్ముల భూమి పంపకమునకు అది చక్కని మార్గము. చెప్పితిని గదా, పింఛను చిక్కులలో సగము ఆ పంపకముననే యున్నవి. కాని సంతకమునకు ముందు షరతులను వికలాంగునకు చదివి వినిపింపవలెను. తోడబుట్టినవారే ఆతని వాటాను మింగిన సందర్భములు లేకపోలేదు.

చివరగా, బుద్ధిమాంద్యము గల పెద్దపిల్లల సంగతి. పదునెనిమిదేండ్లు నిండినంతనే చట్టము దృష్టిలో వారు పెద్దలు. తల్లి సంతకము చెల్లదని బ్యాంకువారు చెప్పుదురు. పింఛను మంజూరైయుండియు చేతికందదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద ప్రతి జిల్లాకు కలెక్టరు సభ్యుడుగా నుండు స్థానిక కమిటీ కలదు. బుద్ధిమాంద్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బహువైకల్యములు గలవారికి ఆ కమిటీ సంరక్షకుని నియమించును. అర్జీని తల్లిదండ్రులు పెట్టవచ్చును. కోర్టులో దావా వేయవలసిన పనిలేదు. మీ వార్డులలో ఇట్టి బిడ్డలకు పదునేడు నిండినప్పుడే ఆ కాగితములు సిద్ధము చేయించుడు. తల్లి గతించిన పిమ్మట ఆ పని మిక్కిలి కష్టమగును.