ఇంటి ప్రార్థన – తల్లిభాష



మన మారండహళ్ళి తెలుగు కుటుంబములు తరతరములుగా ఇచ్చట స్థిరపడినవి. అంగడిలో తమిళము, బడిలో తమిళమును ఇంగ్లీషును, ఇది సహజమే. తెలుగు నేటికిని నిలిచియున్న తావులలో దీపాల వేళ ప్రార్థన యొకటి. దానిని నిలుపుకొనుట ఎట్లన్నదే నేటి ప్రసంగ విషయము.

పసిఫిక్ మహాసముద్రమున గువామ్ అను దీవి కలదు. 1668లో స్పెయిన్ గురువులు వచ్చిన పిదప అచ్చటి చమోరో జనులు క్రమముగా కేథలిక్కులైరి. 1898లో దీవి అమెరికా వశమైనది. బడులలో చమోరో పలుకు నిషేధింపబడినది. అయినను ఇంటి జపమాల ప్రార్థన ఆ భాషలోనే సాగినది. ప్రార్థన నడపు పెద్దను వారు 'తెత్స' అందురు. తరచు వృద్ధస్త్రీయే ఆ బాధ్యత వహించును. ఒకరు మరణించినచో బంధుమిత్రులు తొమ్మిది దినములు కూడి ఆమె వెంట పలుకుదురు. బడి త్రోసివేసిన భాషను ఇల్లు ఇట్లు కాపాడినది. కాని యువతరమున ఆ భాష తగ్గుటచే ప్రార్థనయు ఇంగ్లీషులోనికి జారుచున్నది. ప్రార్థన భాషను కొంతకాలము మోయగలదు. భాష నేర్వనివారి నోట ప్రార్థనయు నిలువదు.

మనకును ఇట్టి సంపద కలదు. తమిళుల నడుమ తిరువైయారున నివసించి 1847లో పరమపదించిన త్యాగరాజస్వామి తెలుగున కీర్తనలు రచించెను. శ్రీరాముని మేలుకొలుపుటకు, ఊయల నూచుటకు, పవ్వళింపజేయుటకు ఆయన ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కలవు. తమిళుల భజన గోష్ఠులు సైతము వానిని పాడుచున్నవి.

అయితే తెలుగు చదువరాని పిల్లలు ఇట్టి పాటలను తమిళలిపిలో వ్రాసికొందురు. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరము. 'దానము', 'తానము' ఒకే తీరున వ్రాయబడును. 'భక్తి'ని 'పక్తి' యని చదువవచ్చును. ఆ లిపి తమిళమునకు చక్కగా సరిపోవును. దోషము దానిది కాదు. తెలుగు పలుకునకు తెలుగు అక్షరమే తగును. నేడు అవ్వ ప్రక్కనుండి సవరించుచున్నది. ఆమె తరువాత సవరించువారెవరు?

2006 నాటి చట్టముతో తమిళము బడులలో నిర్బంధ పాఠ్యమైనది. దానిని శ్రద్ధగా నేర్వవలసినదే. కాని తెలుగు అక్షరమాల నేర్పు భారము అంతకంతకు ఇంటిపై పడినది.

కావున ప్రతి ఇంటను శుక్రవారము దీపము వెలిగించిన పిదప పిల్లలలో నొకరు ముందుగా ప్రార్థన చెప్పవలెను. పెద్దలు వెంట పలుకవలెను. ఆ పాటను వారే తెలుగు లిపిలో పుస్తకమున వ్రాసికొని, అర్థమును పెద్దల నడిగి తెలిసికొనవలెను. వారమునకు ఒక్క పాట చాలును. అవ్వల కంఠమందున్నదానిని వారుండగనే వ్రాసికొందము.