సభకు పెద్ద – బులుసు సాంబమూర్తి



ఊళ్ళో తగవు వస్తే రచ్చబండ దగ్గర పదిమందీ చేరతారు. అందరూ ఒక్కసారే మాట్లాడితే ఎవరి మాటా వినబడదు. "ఒక్కొక్కరూ చెప్పండి" అనే పెద్ద ఒకరుండాలి. ఆ పెద్ద ఏ పక్షం కొమ్మూ కాయకూడదు. శాసనసభలోనూ అంతే. అక్కడ ఆ పెద్దను సభాపతి అంటారు. స్పీకరు అన్నా అదే.

తెల్లదొరల కాలంలో మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఆ రాష్ట్ర శాసనసభకు 1937లో సభాపతి అయింది ఒక తెలుగాయనే. పేరు బులుసు సాంబమూర్తి.

ఆయన 1886లో గోదావరి ప్రాంతంలోని దుళ్ళ గ్రామంలో పుట్టారు. కాకినాడలో ప్లీడరుగా బాగా సంపాదించారు. గాంధీగారి పిలుపు విని ఆ సంపాదన వదిలేశారు. ఖద్దరు కట్టారు. జైలుకు వెళ్ళారు.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. ఏర్పాట్ల భారం చాలావరకు ఆయనదే. అప్పుడే ఆయన ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడు. కడుపుకోత ఎలాంటిదో తల్లులకు వేరే చెప్పాలా? ఆయన కన్నీళ్ళు దిగమింగుకున్నారు. సభ పని ఆపలేదు.

ఆయన సభాపతిగా ఉన్నప్పుడు ఉపసభాపతి ఎవరో తెలుసా? ఒక మహిళ! రుక్మిణీ లక్ష్మీపతి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన ధీరురాలు ఆమె.

కాని ఆ రోజుల్లో ఓటు అందరికీ లేదు. ఆస్తో, పన్నో, చదువో ఉండాలి. కూలి చేసుకునే ఆడవాళ్ళలో ఓటు ఉన్నవాళ్ళు బహు కొద్దిమంది. స్వరాజ్యం వచ్చాకే పెద్దవాళ్ళందరికీ ఓటు వచ్చింది.

తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం కావాలని 1952లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేశారు. మద్రాసులో ఆ దీక్షకు చోటిచ్చింది సాంబమూర్తిగారి ఇల్లే. శ్రీరాములు ఆ ఇంట్లోనే ప్రాణం విడిచారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది.

అంత పెద్ద పదవి చేసినా సాంబమూర్తి వెనకేసుకున్నది ఏమీ లేదు. చివరి రోజులు లేమిలోనే గడిచాయి. 1958లో కన్నుమూశారు. జనం ఆయన్ని మహర్షి అన్నారు.

మరి ఆ కుర్చీలో ఆడవాళ్ళు కూర్చోలేదా? కూర్చున్నారు. 1999లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి మహిళా సభాపతి అయింది మన శ్రీకాకుళం ఆడపడుచే. ఆమె కావలి ప్రతిభా భారతి.

అక్కలారా! ఈసారి ఊళ్ళో గ్రామసభ పెడితే గుమ్మం దగ్గర నిలబడిపోకండి. ముందుకొచ్చి కూర్చోండి. కాగితం ఇస్తే చదివి చూడండి. మీ వంతు వచ్చినప్పుడు మీ మాట చెప్పండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.