పిల్లులతో అమరావతీ యాత్ర

మాది తెనాలికి చేరువనున్న నందివెలుగు గ్రామం. ప్రయాణానికి బయలుదేరే వేళ పిల్లి ఎదురైతే, వెనుకకు వచ్చి, కాళ్ళు కడుగుకొని, కాసేపు కూర్చొని మరల బయలుదేరడం మా పెద్దల ఆచారం. నిరుడు ఫాల్గుణమాసంలో నేనూ నా భార్యా బయలుదేరినప్పుడు పిల్లులు మాకు ఎదురు రాలేదు. మాతోపాటే బండి యెక్కినవి.

మా కుమారుడు ఉద్యోగార్థమై దూరదేశం వెళ్ళుతూ రెండు పిల్లులను మాకు అప్పగించినాడు. తెల్లనిదాని పేరు మల్లి, చారలవాని పేరు సోముడు. కుక్క మనిషిని నమ్ముకొంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకొంటుంది అని లోకుల మాట. ఇల్లు విడిచి రెండు దినాలు ఎక్కడికైనా పోదామంటే వీటి గతి యేమి? ఆలోచించగా, ఇంటినే వెంట తీసుకొనిపోవడం మేలని తోచింది. ఒక పాత వ్యాను కొని, అందులో రెండు పరుపులు, నీళ్ళతొట్టి, చిన్న పొయ్యి, పిల్లులకొక ఇసుకపళ్ళెం అమర్చుకొన్నాము. పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మేము పిల్లులనే ఊళ్ళు తిప్పడానికి సిద్ధపడినాము.

ఇది నేటి వింత కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణం నుండి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు డేరాలను, పల్లకీని, సుమారు నూరుమంది పరివారాన్ని వెంట తీసుకొని వెళ్ళినారు. మన తాతలు గూడుబండిలో వంటపాత్రలు వేసుకొని తిరునాళ్ళకు పోయినారు. మా బండికి గూడు ఇనుపది. ఎద్దులకు బదులు యంత్రం. అంతే భేదం.

బయలుదేరడానికి ముందు పదిహేను దినాలు బండిని పెరటిలో నిలిపి, తలుపులు తెరచి, పిల్లులకు అందులోనే అన్నం పెట్టినాము. అది తమ యిల్లే అన్న నమ్మకం వాటికి కుదిరిన తరువాతనే చక్రం కదిలించినాము. దారిలో వాటిని గాలి ఆడే పెట్టెలలో ఉంచినాము.

మా పొలాలకు పారేది కృష్ణమ్మ నీరే. 1855లో బెజవాడ వద్ద పూర్తియైన ఆనకట్ట, 1957 నుండి ప్రకాశం బారేజి, ఆ నీటిని మా కాలువలకు మళ్ళించినవి. ఆ యేటికి ఎదురుగా పోతే బెజవాడకు ఎగువను, దక్షిణపు గట్టున అమరావతి ఉన్నది. మేము మాత్రం గుంటూరు మీదుగా రోడ్డు దారిని పోయి, ఉదయం తొమ్మిది గంటలకు చేరినాము. ఒక చెట్టునీడను బండి నిలిపి, కిటికీలు కొద్దిగా తెరచి, పెట్టెలలో నీరు ఉంచి, "అరగంటలో వస్తాము" అని పిల్లులతో చెప్పి, ఇద్దరమూ అమరేశ్వరుని దర్శనానికి వెళ్ళినాము.

అక్కడి లింగం ఎంత పొడవంటే, అర్చకులు మెట్లెక్కి పైనుండి అభిషేకం చేస్తారు. దర్శనమై బయటికి రాగానే నాకు మహాచైత్యం చూడవలెనని తొందర కలిగింది. క్రీస్తుకు పూర్వమే ఆరంభమై, శాతవాహనుల నాడు వైభవం పొందిన ధాన్యకటకపు స్తూపమది. 1344 నాటి సింహళదేశపు గడలదేనియ శాసనం, ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో ప్రతిమాగృహాన్ని బాగుచేయించినట్లు చెబుతుంది. అంతదూరం నుండి వచ్చి కనిపెట్టుకొన్నవారు ఉండేవారన్నమాట. తరువాత కనిపెట్టేవారు లేకపోయినారు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు ఇక్కడ పట్టణం కట్టించేవేళ రాళ్ళకొరకు ఆ దిబ్బను త్రవ్వించినారు. 1797లో దానిని చూచిన కర్నల్ మెకంజీ 1816లో తిరిగివచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వి ఉన్నది. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పాలు మద్రాసు చేరినవి. వానిలో ఎన్నో 1859లో లండనుకు ఓడ యెక్కినవి. నేడు ఇక్కడ మిగిలినది వలయాకారపు పీఠం, కొన్ని పలకలు, ప్రక్కనే ప్రదర్శనశాల.

ఈ సంగతులు నేను వివరిస్తూ ఉండగా నా భార్య, "ఏమండీ, ఎండ ఎంత ముదిరిందో చూచినారా?" అన్నది. చూడలేదు. పరుగున వచ్చేసరికి చెట్టునీడ బండిని విడిచి బారెడు దూరం పోయింది. సోముడు బాగానే ఉన్నాడు. మల్లి నోరు తెరచి రొప్పుతున్నది. పిల్లి కుక్కవలె రొప్పదు. రొప్పితే ప్రాణం మీదికి వచ్చినట్లే. నా భార్య దానిని నీడకు తెచ్చి, తడిగుడ్డతో పాదాలు, కడుపు తుడిచి విసరింది. పశువైద్యునివద్దకు చేర్చేసరికి అది కన్ను విప్పి చూచింది. మంచునీరు పోయకుండా మామూలు నీటితో తడపడం మంచిపని అయిందని ఆయన అన్నారు. ఎండలో నిలిపిన బండిలోపల పది నిమిషాలలోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుందనీ, కిటికీ సందు ఉన్నంతమాత్రాన అది తగ్గదనీ చెప్పినారు.

వెంకటాద్రినాయుడుగారి త్రవ్వకాన్ని గురించి అంతవరకు నేను కోపంగా మాట్లాడినాను. ఆ తరువాత మాట్లాడలేదు. నాకు అప్పగించిన ప్రాణిని గంటసేపు మరచిన నాకు ఆ అధికారం ఉన్నదా?

నాటి సాయంత్రం నుండి ఒకరు బండివద్ద ఉండడం, ఒకరు చూచి రావడం అని నియమం పెట్టుకొన్నాము. మరునాడు ప్రొద్దుననే ఆమె ప్రదర్శనశాలకు వెళ్ళి, పలకల మీది పద్మాలను, ఏనుగులను, స్తూపానికి మ్రొక్కే స్త్రీలను గురించి చెప్పింది. నేను అప్పటికి వానిని చూడనేలేదు. అయినా కళ్ళకు కట్టినట్లయింది. ఒకరి కన్నులతో మరొకరు చూడడం ఆ యాత్రలోనే నేర్చుకొన్నాము.

పెంపుడు ప్రాణులతో ప్రయాణం చేయదలచిన శ్రోతలకు నా మనవి ఒక్కటే. బండిని నీడలో నిలిపినామని నిశ్చింతగా ఉండవద్దు. నీడ నిలువదు, మనిషి నిలువవలె.