అడవి మంటలు: ఆస్ట్రేలియా అనుభవం, మన డిమాండ్లు
(రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అడవిని కాపాడాలంటే ఒక్క చెట్టూ నరకకూడదని కొందరంటారు. నరికి పలచబరిస్తేనే మంటలు తగ్గుతాయని మరికొందరంటారు. ఆస్ట్రేలియాలో ఈ వాదన దశాబ్దాలుగా నడుస్తోంది. దాని ఫలితాన్ని అక్కడి పల్లెలు అనుభవించాయి. అందుకే దాని గురించి మనం మాట్లాడుకోవాలి.

2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో రేగిన మంటల్లో 173 మంది చనిపోయారు. రెండు వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. విచారణ జరిపిన రాయల్ కమిషన్ ఒక సిఫారసు చేసింది. ప్రభుత్వ భూమిలో ఏటా కనీసం 5 శాతాన్ని అనువైన రోజుల్లో అదుపులో పెట్టి కాల్చాలన్నది. ఎండుటాకు, పుల్ల, బెరడు ముందే తగ్గితే వేసవి మంటకు మేత దొరకదని దాని ఉద్దేశం.

ఉద్దేశం మంచిదే. కానీ లెక్క హెక్టార్లలో పెడితే ఏమవుతుంది? ఊరికి దూరంగా, తేలిగ్గా కాలే చోట కాల్చినా లెక్క కుదురుతుంది. ఊరి అంచున ప్రమాదం అలాగే మిగులుతుంది. ఈ విమర్శ వచ్చాక ప్రభుత్వం ఆ లక్ష్యాన్ని వదిలేసింది. ప్రాణాలకు, ఇళ్లకు ప్రమాదం ఎంత తగ్గిందనేది కొలమానంగా పెట్టుకుంది. పొగతోనూ చిక్కే. ద్రాక్ష పక్వానికొచ్చే వేళ పొగ పడితే పంట రుచి చెడుతుంది. నష్టం రైతుదే.

2019-20 వేసవిలో ఆ దేశంలో 2.4 కోట్ల హెక్టార్లకు పైగా కాలింది. కరువు, వడగాలి తోడైనప్పుడు ముందే కాల్చిన చోట్లు కూడా మంటను పూర్తిగా ఆపలేవని అప్పుడు తేలింది.

మరి నరికితే? దుంగలు లారీ ఎక్కుతాయి. కొమ్మలు, బెరడు నేలమీదే ఉంటాయి. తర్వాత ఒకే వయసు మొక్కలు దట్టంగా లేస్తాయి. తేమ నిలిపే ముదురు అడవి కంటే అవి తీవ్రంగా కాలతాయని కొందరు శాస్త్రవేత్తలు చూపారు. కలప వ్యాపారులు దీన్ని ఒప్పుకోరు. విక్టోరియా ప్రభుత్వం మాత్రం 2030కి అనుకున్న గడువును ముందుకు జరిపి, 2024 జనవరి 1 నుంచి సహజ అడవుల్లో కలప నరకడం ఆపేసింది. పని పోయిన కార్మికుల కోసం నిధులు కేటాయించింది. కూలి పోయేవాడి సంగతి కూడా విధానంలో భాగమే అన్నది ఇక్కడ మనం గమనించాలి.

అలాగని ఆ పద్ధతిని ఇక్కడ దించేస్తే కుదరదు. నల్లమలలో, ఆదిలాబాద్‌లో ఉన్నది ఆకురాల్చే అడవి. మాఘం దాటాక టేకాకు, వెదురాకు నేలంతా పరుచుకుంటాయి. మంట ఎక్కువగా నేలమీదే పాకుతుంది. పెద్ద చెట్టు తట్టుకున్నా చిన్న మొక్క, విత్తనం పోతాయి. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద నిప్పు పెట్టేవాళ్లున్నారు. తునికి లేతాకు కోసం పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ నిప్పు వెనుక బతుకుతెరువు ఉంది. దారి చూపకుండా కేసులు పెడితే మంటలు ఆరవు.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఐ) సామూహిక అటవీ వనరులను రక్షించి, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. వెదురు, తునికాకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులేనని అదే చట్టం చెప్పింది. మన పక్కనే గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖా గ్రామసభ దాన్ని సాధించుకుంది. 2011 ఏప్రిల్‌లో వెదురు రవాణా పర్మిట్లు ఇచ్చే అధికారం ఆ ఊరి చేతికొచ్చింది. అడవి మీద రాబడి ఉన్న ఊరు మంట కనిపిస్తే తానే పరుగెత్తుతుంది.

కాబట్టి మన డిమాండ్లు ఇవి:

ఒకటి, ఫైర్ లైన్ల పని జనవరిలోగా, గ్రామసభ చూపిన చోట, సకాలంలో కూలి ఇచ్చి చేయించాలి.

రెండు, తునికి పొదల ప్రూనింగ్‌కు, ఇప్పచెట్ల కింద ఆకు ఊడ్చడానికి కూలి కట్టివ్వాలి.

మూడు, ముదిరిన, ఎండిన వెదురు తీసే నిర్ణయం గ్రామసభది కావాలి. లేత బొంగులు వదలాలి, కుదుళ్లు చెడకూడదు.

నాలుగు, అడవిని పలచబరచడం పేరుతో పెద్ద కలప తరలించే ఏ ప్రణాళికైనా ముందు గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి.

ఈ వేసవి రాకముందే అడవి అంచు ఊళ్లన్నింటిలో గ్రామసభలు పెట్టించి, ఈ నాలుగింటి మీద తీర్మానాలు చేయించండి. వాటి నకళ్లు సంఘానికి పంపండి.