కౌలు జలాంతర్గామి
(చింతలపూడి సభలో న్యాయవాది యొకరు చేసిన యుపన్యాస పాఠము)



మెట్టసీమయగు చింతలపూడిలో సముద్రపు ముచ్చట యెందుకని కొందరు నవ్వవచ్చును. మనకు సముద్రము దూరమే కాని కౌలు దూరము కాదు గదా! మెట్ట కమతములును, కొల్లేటి చేపలచెరువులును కౌలున కిచ్చి పుచ్చుకొను సీమ మనది. విశాఖపట్టణమున రెండుమారులు నెలకొనిన ‘చక్ర’ జలాంతర్గామి కథయు కౌలు కథయే.

డీజిలు జలాంతర్గామి బ్యాటరీలను నింపుకొనుటకు గాలికై నీటి పైభాగమునకు రావలసినదే. శత్రువు కంటబడునది అప్పుడే. అణుయంత్రమునకు గాలి యక్కరలేదు. నావికులకు ఆహారమున్నంత కాలము లోతుననే తిరుగవచ్చును. ఇట్టి విద్య నెరిగిన రాజ్యములు దానిని సులభముగ అన్యులకు నేర్పవు. సోవియట్ ప్రభుత్వము నౌకను కౌలునకు మాత్రమిచ్చెను.

1967లో సోవియట్ నౌకాదళమున చేరిన కె-43 అను నౌక 1988 జనవరి 5న మన పతాకము ధరించి ‘చక్ర’ యయ్యెను. ఫిబ్రవరిలో విశాఖ చేరెను. మూడేండ్లు మనవారు నడిపిరి. 1991లో గడువు తీరగా తిరిగి యిచ్చివేసితిమి. పిదప ఇరువది యేండ్లకు పైగా అట్టి నౌక మనకు లేదు. అక్షరములు దిద్దుచున్న బాలుని బడి మాన్పించుట వంటిదే యిది! అయినను నేర్చినది వృథా కాలేదు. ఆ యనుభవము, విశాఖలోనే నిర్మితమై 2009 జులై 26న జలప్రవేశము చేసిన ‘అరిహంత్’ నకు అక్కరకు వచ్చెను.

రెండవ ‘చక్ర’ పుట్టుకయే దుఃఖమయము. ‘నేర్పా’ యను పేర రష్యాలో 1993లో మొదలైన నిర్మాణము ధనాభావమున నిలిచిపోయి, మన ధనముతో మరల సాగెను. 2008 నవంబరు 8న సముద్రపరీక్షలలో మంటలార్పు సాధనము మంటలు లేకయే పనిచేయగా, విషవాయువుచే 20 మంది మరణించిరి. వారిలో పెక్కురు సైనికులు కారు. నౌకను పరీక్షింప వచ్చిన పనివారు. మన పత్రికలు ‘చక్ర’ను కీర్తించునపుడు వీరిని స్మరించుట మేము కానము.

2012 ఏప్రిల్ 4న ఆ నౌక విశాఖలో మన దళమున చేరెను. ఎనిమిది వేల టన్నుల నౌక, కౌలు పదియేండ్లు, అణ్వాయుధములను మోయరాదు. కౌలుదారు పంట మార్చరాదన్నట్టి షరతు! 2021 జూనులో సింగపూరు జలసంధి మీదుగా, అందరు చూచుచుండగా, నీటిపైననే స్వస్థానమునకు మరలిపోయెను.

ఇక సొంత నిర్మాణము. ఇట్టి నౌకలు రెంటిని విశాఖలో కట్టుటకు 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వ మామోదించెను. సంతోషమే. కాని యంత్రభాగములలో స్వదేశమున తయారగున వెన్ని? రెండు ‘చక్ర’లలో తరిఫీదు పొందినవారెందరు ఆ పనిలో నున్నారు? యుద్ధరహస్యములను మేమడుగుటలేదు. కౌలుసొమ్ము ప్రజలదే కావున ఈ మాత్రపు లెక్కను ఏటేట పార్లమెంటు ముందుంచవలెనని ఏలూరు లోకసభ సభ్యునకు అర్జీ వ్రాసితిమి. అది ఈ బల్లపైనున్నది. సమ్మతించువారు సభానంతరము చేవ్రాళ్లు చేయ ప్రార్థించుచున్నాము.