దోముహానీ వద్ద లంగరు



జంషెడ్‌పూర్‌లోని సోనారి అంచున ఖర్కాయీ నది సువర్ణరేఖలో కలుస్తుంది. ఆ చోటును అక్కడివారు దోముహానీ అంటారు. ఒక నది రాంచీ సమీపాన పుట్టింది. మరొకటి ఒడిశాలోని మయూర్‌భంజ్ కొండల నుండి వచ్చింది. ఉక్కు కర్మాగారంలో పనికై ఆంధ్ర తీరం నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు ఆ నగరం రెండవ స్వస్థలమైంది. అటువంటి సంగమంలో చిన్న పడవను నిలపవలసివస్తే లంగరును ఎలా ఎన్నుకోవాలి, ఎలా దింపాలి అన్నదే ఈ ప్రసంగ విషయం.

ముందుగా ఆ మాటనే చూడండి. పారసీకం నుండి వచ్చిన ఆ పదం హిందీలో లంగర్, తెలుగులో లంగరు, బెంగాలీలో నొంగొర్, తమిళంలో నంగూరం. తీరాలు వేరైనా పడవవారి పలుకు ఒక్కటే.

బరువైన వస్తువేదైనా లంగరు కాగలదని పలువురు భావిస్తారు. ఇది పొరపాటు. పది కిలోల నల్లరాయి నీట మునిగితే దాని బరువు ఆరు కిలోల చిల్లరే. ఇనుము ఎనిమిదో వంతు మాత్రమే కోల్పోతుంది. అయినా పడవను నిలిపేది ప్రధానంగా బరువు కాదు, నేలను పట్టే పట్టు. అందుచేత నది అడుగును బట్టి లంగరును ఎన్నుకోవాలి. ఇసుకలో, మెత్తని బురదలో వెడల్పు రెక్కల లంగరు లోతుగా దిగబడుతుంది. 1933లో ఆంగ్ల శాస్త్రవేత్త జెఫ్రీ ఇంగ్రామ్ టేలర్ నాగలి కర్రు ఆకారంలో ఒక లంగరును రూపొందించాడు. ప్రవాహం దిశ మారి పడవ తిరిగినా అది మళ్ళీ నేలను దున్నుకొని నిలుస్తుంది. రాతి నేలపై నాలుగు కొక్కేల లంగరు పనికివస్తుంది. కాని అది రాళ్ళ సందున ఇరుక్కుపోవచ్చు. కనుక దాని అడుగు భాగానికి వేరొక తాడు కట్టి, ఆ కొసకు బెండు తగిలించాలి. ఆ తాడును లాగితే లంగరు వెనుదిరిగి ఊడివస్తుంది.

లంగరు ఎంత మంచిదైనా తాడు పొట్టిదైతే నిష్ప్రయోజనం. తాడు నిట్టనిలువుగా ఉంటే లంగరును పైకి పెకలిస్తుంది. ఏటవాలుగా ఉంటే నేలలోకి దించుతుంది. లంగరు వద్ద కొన్ని మీటర్ల గొలుసు ఉంటే ఆ లాగుడు మరింత నేలబారుగా ఉంటుంది. నీటి లోతు 3 మీటర్లు, నీటిపైన పడవ ముక్కు ఎత్తు అర మీటరు అనుకుందాం. మొత్తం మూడున్నర మీటర్లకు ఏడు రెట్లు, అనగా సుమారు 25 మీటర్ల తాడు వదలాలి.

దింపే పద్ధతి ఇది. సుడులకు దూరంగా చోటు చూసుకొని, పడవ ముక్కును ప్రవాహానికి ఎదురుగా నిలపాలి. లంగరును విసరరాదు, చేతితో మెల్లగా దింపాలి. పడవ వెనుకకు జారుతుండగా తాడు వదులుతూ, చివర బిగించి లంగరును నేలలో నాటుకోనివ్వాలి. తాడును పడవ ముక్కుకే కట్టాలి. వెనుక భాగానికి కడితే ప్రవాహం వెనుకనుండి పొర్లివచ్చి పడవను ముంచివేయగలదు. తరువాత ఒడ్డున ఒక చెట్టును, దాని వెనుకనున్న ఒక కట్టడాన్ని ఒకే వరుసలో గుర్తుంచుకోవాలి. పడవ అటూఇటూ ఊగినప్పుడు ఆ వరుస కొంత చెదిరి మళ్ళీ కుదురుకుంటుంది. తిరిగి కుదరకుండా తొలగిపోతూనే ఉంటే లంగరు జారుతున్నదని అర్థం.

వర్షాకాలంలో అసలు ప్రమాదం వేరు. ఎగువన వాన కురిసినా, జలాశయం తలుపులు ఎత్తినా, సంగమం వద్ద ఎండ కాస్తుండగానే నీరు పెరగవచ్చు. రెండు మీటర్లు పెరిగితే, ముందు ఏడు రెట్లున్న తాడు నాలుగున్నర రెట్లకు తగ్గిపోతుంది. ప్రవాహ వేగమా, హెచ్చుతుంది. ఉదయం చాలిన తాడు మధ్యాహ్నానికి చాలదు. అప్పుడు మరికొంత తాడు వదిలి అక్కడే ఉండిపోవడం వివేకం కాదు; లంగరెత్తి ఒడ్డు చేరాలి. అది ఊడిరాకపోతే తాడు కోయడానికి కత్తి దగ్గర ఉండాలి. పోయిన లంగరును మళ్ళీ కొనుక్కోవచ్చు.

నిలవడం నేర్పేదే లంగరు. ఎప్పుడు నిలవరాదో తెలుసుకోవడం పడవవాని బాధ్యత.